ఎదురుబండి వాఫిల్ మిషనూ నా కడుపుమంటా

నేను ఒక గుంతపొంగణాల పెనాన్ని. నల్లగా ఉంటాను. మసి అనుకునేరు, కాదు. వేలు పెట్టి రుద్ది చూడండి, ఒక్క మచ్చ అంటితే ఒట్టు. ఏళ్ల తరబడి నూనె తాగి, మంట తిని, పిండిని ఒడిలో పెట్టుకుని సాకితే వచ్చిన నలుపు ఇది. పెళ్లికూతురికి పసుపు ఎట్లాగో పెనానికి నలుపు అట్లాగ. ఈ సంగతి నాకు తెలుసు, నన్ను కొన్న వన్నూరమ్మకు తెలుసు. మిగతా లోకానికి తెలియదు. లోకానికి మెరిసేది కావాలి. అందుకే నా బతుకులో చాలా భాగం దర్జాగా గడిచినా, చివరికొచ్చేసరికి ఎదురుబండిని చూసి కుళ్లుకోవడంతోనే సరిపోయింది.

నా పుట్టుక గొప్పదేమీ కాదు. పగిలిన మోటారు చక్రాలు, విరిగిన కుట్టుమిషను కాళ్లు కలిపి కొలిమిలో కరిగించి, ఇసుక అచ్చులో పోసి చల్లారిస్తే తొమ్మిది గుంతలతో బయటపడ్డాను. ఆ కుట్టుమిషను కాలు నాలో ఏ మూల ఉందో గాని, పొయ్యి మీద సరిగ్గా కూర్చోబెట్టకపోతే ఇప్పటికీ టకటకా ఊగుతాను.

తిరునాళ్లలో గోనెపట్ట మీద పరిచిన ఇనపసామాన్లలో నన్ను చూసి వన్నూరమ్మ గొంతుక్కూర్చుంది. ధర అడగలేదు. చేతిగాజుతో నా అంచు మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. పగులుంటే బొయ్యిమంటాను, లేకుంటే ఖంగుమంటాను. ఖంగుమన్నాను. ఆ తరువాతే బేరం మొదలుపెట్టింది.

ఇంటికి తెచ్చి వెంటనే పొయ్యి ఎక్కించలేదు. బియ్యం కడిగిన నీళ్లలో నానబెట్టింది. ఆముదం పూసి ఎండలో పెట్టింది. మళ్లీ కాల్చింది, మళ్లీ పూసింది. “పెనాన్ని మచ్చిక చేసుకోవాల. కొత్త కోడల్ని చేసుకున్యట్ల,” అనేది పక్కింటివాళ్లతో. కొత్త కోడలిని ఆమె ఎట్లా మచ్చిక చేసుకుందో తరువాత నా కళ్లారా చూశాను. ఆ ఓపికలో సగానికి పైగా నాకే ఖర్చయిపోయినట్టుంది.

గుంతకల్లులో టేషనుకు పోయే దారిలో వాళ్ల ఇల్లు. ఇంటి ముందు అరుగు, అరుగు మీద పొయ్యి, పొయ్యి మీద నేను. సాయంత్రమైతే చాలు, రైల్వే వాళ్లు, బడి పిల్లలు, పక్కవీధి ఆడవాళ్లు అరుగు చుట్టూ చేరేవాళ్లు. సగం కోసిన ఉల్లిగడ్డను నూనెలో ముంచి వన్నూరమ్మ నా గుంతలు తుడిచేది. చుయ్యిమనేదాన్ని. పిండి పడేది. అంచులు ఎర్రబడ్డాక పుల్లతో ఒక్క గిరక తిప్పితే పొంగణం బోర్లా పడేది. పైన కరకర, లోపల మెత్తన. చెనిక్కాయల చట్నీ, ఎర్రకారం. ఒకరోజు కారం పొంగణాలు, ఒకరోజు బెల్లం పొంగణాలు. ఆ వీధికి ఉప్పు, తీపి రెండూ నేనే. నాకు పోటీ అంటే ఏమిటో తెలియని రోజులవి.

వన్నూరమ్మకు మోకాళ్లు పట్టేశాక పుల్ల కోడలు నాగవేణి చేతికొచ్చింది. మొగుడు లోకేశు ఆటో తోలడానికి పోతే, ఇంటా అరుగుమీదా ఈ పిల్లే. వన్నూరమ్మ స్టూలు మీద కూర్చుని నోటితో పొంగణాలు వేసేది. “మంట తగ్గియ్యే. తిప్పే. అది పొంగణమే, నీ మొగుడు కాదు, చెప్పేదాకా ఆగకూడదు.” నాగవేణి మాట్లాడేది కాదు. కానీ చెయ్యి మంచిది. పిండి పోసేటప్పుడు ఒక్క చుక్క గుంత దాటేది కాదు.

వాళ్లకు దీక్షిత పుట్టాక నా హోదా ఇంకా పెరిగింది. ఆ పిల్లకు అన్నమంటే పడదు. పప్పంటే పెదవులు బిగిస్తుంది. గుడ్డు చూస్తే గుక్కపట్టి ఏడుస్తుంది. నాగవేణి కంచం పట్టుకుని అరుగు నుంచి వీధి చివరి దాకా దాని వెంట తిరిగేది. “ఈ ముద్ద అవ్వకు, ఈ ముద్ద నాయనకు, ఈ ముద్ద అదిగో ఆ రైలుకు.” ముద్ద నోట్లో పెట్టి, చుబుకం పట్టుకుని, మొహంలో మొహం పెట్టి చూసేది. “నమిలినావా? మింగినావా? యాదీ, నోరు తెరువు.” ఆ పిల్ల ముద్దను బుగ్గలో దాచుకుని అమ్మ కళ్లలోకి చూస్తూ నిలబడేది. ఇద్దరిలో ఎవరు ముందు రెప్ప వేస్తారా అన్నట్టుండేది ఆ యవ్వారం.

అంత మొండిపిల్లా తినేది ఒక్కటే, నా పొంగణం. నాగవేణి దాన్ని చిదిపి, ఊది, చెంపకు ఆనించి వేడి చూసి, నోట్లో పెట్టేది. రెండో మూడో తినేది. ఎన్ని వాయిలు వేశానో, ఎంతమంది మెచ్చుకున్నారో నాకు గుర్తులేదు గాని, ఆ రెండుమూడు మాత్రం నాకు పతకాల్లాంటివి. ఈ ఇంట్లో ఆ పిల్ల ప్రాణం నిలబెడుతున్నది నేనని రొమ్ము విరుచుకునేదాన్ని.

అయినా పిల్ల పుల్లలాగే ఉండేది. అంగన్‌వాడీలో తూకం వేసిన రోజు టీచరమ్మ నాలుక చప్పరించిందట. “మళ్లీ తగ్గింది నాగవేణీ. వచ్చే నెలకు కొంచెమన్నా పెరగల్ల. ల్యాకపోతే అనంతపురం పెద్దాస్పత్రిలో చేర్పియ్యమని రాస్తాం. ఆడ ముక్కులో గొట్టం పెట్టి పాలు పోస్తారు.” ఆ మాట విన్నప్పటి నుంచి నాగవేణికి నిద్ర లేదు. పిండి కలుపుతూ కూడా కూతురి చేతుల మందం చూసేది. వేలూ వేలూ కలిపి ఆ మణికట్టు చుట్టూ కొలిచేది.

సరిగ్గా ఆ నెలలో, వినాయకుడి పందిళ్లు విప్పిన వారం, మా అరుగుకు ఎదురుగా ఒక గులాబీరంగు బండి వచ్చి ఆగింది.

ఆ బండి ప్రవల్లికది. డిగ్రీ అయిపోయిన పిల్ల, ఫోనులో చూసి నేర్చుకుందట. దీపాల తీగలు, నవ్వుతున్న ఎలుగుబంటి బొమ్మ. ఆమె అమ్మేవాటి పేర్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు వేడెక్కుతుంది. పుల్లకు గుచ్చిన వాఫిల్, దాని మీద చాక్లెట్ ధార, దాని మీద రంగురంగుల చక్కెర పూసలు. రెండు వాఫిళ్ల నడుమ నలిపిన గులాబ్‌జాము. బంగాళాదుంపను స్ప్రింగులా కోసి వేయించి, పుల్లకు సాగదీసి, మసాలా చల్లింది. విరిస్తే మూరెడు పొడవు తీగ సాగే చీజు బ్రెడ్డు. జనం దాన్ని తినేకన్నా సాగదీయడానికే కొనేవాళ్లు. ఒకడు లాగేవాడు, ఒకడు ఫోటో తీసేవాడు, తినేటప్పటికి అది చల్లారి రబ్బరు అయ్యేది. అయినా ‘సూపర్’ అనేవాళ్లు. ఇన్నేళ్లలో నన్ను ఒక్కడైనా ఫోటో తీశాడా? తీశాడు, ఒక్కసారి. మునిసిపాలిటీ మనిషి. అరుగు రోడ్డు మీదికి వచ్చిందని.

అన్నిటికన్నా నా కడుపులో నిప్పులు పోసింది ఆ వాఫిల్ మిషను. ఎర్రటి ఒళ్లు, వెండి అంచు. దాని గళ్లలో ఒక్కదానికీ లోతు లేదు, అన్నీ పైపైనే. పిండి పోసి మూత వేస్తే పెద్దమనిషిలా నోరు మూసుకుని కూర్చునేది. వేగిందంటే ‘కీ’ అని కూసి పచ్చదీపం వెలిగించేది. ఆ కూత వినగానే పిల్లలంతా కేరింతలు. అంత చిన్న పనికి అంత చాటింపా? నా పొంగణం వేగిందని నేనెప్పుడైనా కూశానా? వన్నూరమ్మ ముక్కు చెప్పేది, చాలు. పైగా దానికి నిప్పు లేదు, పొగ లేదు, బొగ్గు లేదు. గోడకు తోక తగిలించుకుని వేడెక్కేది. కష్టమంటే ఏమిటో తెలియని ఒళ్లు అంత ముద్దొస్తుంది కాబోలు మనుషులకు.

మా అరుగు ముందు జనం పలచబడ్డారు. అది సరే అనుకున్నాను. కానీ ఒక సాయంత్రం దీక్షిత రోడ్డు దాటి పోయింది. ప్రవల్లిక ఒక చిన్న వాఫిల్ ముక్క చేతికిచ్చింది. కాసేపటికి ఆ పిల్ల మూతి నిండా చాక్లెట్ పూసుకుని తిరిగొచ్చింది. ఖాళీ పుల్ల చేతిలో ఉంది. మొత్తం తినేసింది!

పిల్ల తిన్నదని ఆ తల్లి సంతోషించాలి కదా. నాగవేణి మొహంలో వెలిగిన రంగు సంతోషం కాదు. ఆ రంగు నాకు బాగా తెలుసు. నా కింద ఎప్పుడూ రగులుతుండే బొగ్గు రంగది.

“పొంగణం తిందువు రా,” అని చిదిపి పెట్టబోయింది.

“నాకొద్దు. నల్ల పెనంలోది. ఛీ,” అంది దీక్షిత. “పవ్వక్క మిషను ఎర్రగుంటాది.”

ఛీ! తొమ్మిది గుంతలూ ఒక్కసారిగా చల్లబడ్డాయి నాకు.

“సూస్తివా అత్తా?” అంది నాగవేణి. “నేను గంటసేపు బతిమాలితే ఉమ్మేస్తాది. ఆ బండి పిల్ల సేతికిస్తే గుటుక్కున మింగుతాది. నేనేం విషం పెడుతున్నానా?”

“సంటిది కదే, తీపికి పోయింటాది,” అంది వన్నూరమ్మ.

“తీపంటే మన బెల్లం పొంగణం లేదా? రోజూ చక్కెరా మైదా పెట్టి బతికిస్తామా దీన్ని? ఆ పవ్వక్క పవ్వక్క అని ఒగటే జపం. దాని చేతిలో ఏముందో!”

నేనూ అదే అనుకున్నాను. ఆ మిషనులో ఏముందో!

మరునాటి నుంచి నాగవేణి నా మీద ప్రయోగాలు మొదలుపెట్టింది. ముందు చీజు. తురిమి పిండిలో కలిపి గుంతల్లో పోసింది. అది కరిగి గుంత అడుగున బంకలా పట్టుకుంది, పొంగణం సగం పుల్లకొచ్చి సగం నాలోనే ఉండిపోయింది. తరువాత మొక్కజొన్న గింజలు. అవి వేడికి టపటపా పేలి వన్నూరమ్మ ఒళ్లో పడ్డాయి. “దీపావళి ఇంగా రాలేదు కదే!” అని ఆమె ఎగిరి పడింది. చివరికి చాక్లెట్. అది గుంతలో పడీ పడగానే పొగలెగసి, వీధంతా మాడు కంపు.

వన్నూరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. “గుంతలో సాక్లెట్టు పోస్తే పొంగణమైతాదా? రోడ్డేసే తారైతాది. మునిసిపాలిటీకి అమ్ముకో పో.”

దీక్షిత ఆ ముక్క వంక చూడనైనా చూడలేదు. ఎదురుబండి దీపాల వంక చూస్తోంది.

దసరాకు వన్నూరమ్మ ఉరవకొండలో ఉండే కూతురింటికి పోయింది. ఆయుధపూజ నాడు మా వీధిలో అన్నీ స్నానం చేస్తాయి. ఆటోలు, కుట్టుమిషన్లు, కత్తిపీటలు, త్రాసులు. లోకేశు ఆటోను కడిగి అరటికొమ్మలు కట్టాడు. వన్నూరమ్మ ఉన్నప్పుడు నాకు నీళ్లు పోసేది కాదు, బొట్టు పెట్టి వదిలేసేది. ఆ ఏడు నాగవేణి నన్ను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. పిల్ల అన్న ‘ఛీ’ ఆమె చెవుల్లోంచి పోలేదు. చింతపండు తెచ్చింది. ఇటుకపొడి తెచ్చింది. ఇనప పీచు తెచ్చింది. అవి చాలక మొగుడి ఆటో సామాన్లలోంచి గరుకు కాగితం తెచ్చింది. మధ్యాహ్నం దాకా తోమింది. చేతులు కందిపోయినా తోమింది.

నాకు నొప్పి లేదంటే నమ్ముతారా? నేను సంతోషించాను. పొర పొరా ఊడిపోతుంటే, లోపలి నుంచి బూడిదరంగు మెరుపు బయటికొస్తుంటే, ఎదురుగా ఉన్న ఎర్రమిషనుతో మనసులోనే అన్నాను: చూసుకోవే, ఇప్పుడు చూసుకో! నా మీద ఎండపడి అరుగు గోడ మీద తొమ్మిది వెలుగుచుక్కలు పడ్డాయి. దీక్షిత వాటిని అందుకోవాలని గోడ మీద చేతులు కొట్టింది. నాగవేణి నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పువ్వు పెట్టింది. పెళ్లికూతురు నేనే.

మరునాడు సాయంత్రం పొయ్యి వెలిగించింది. నలుగురైదుగురు వచ్చారు, ‘పెనం కొత్తదా ఒదినా, బలే ఉందే’ అన్నారు. నా ఒళ్లు పులకరించింది. ఉల్లిగడ్డతో నూనె రుద్ది పిండి పోసింది. అంచులు ఎర్రబడ్డాయి. పుల్లతో తిప్పింది.

పొంగణం కదల్లేదు.

ఇంకా గట్టిగా పొడిచింది. పైపెచ్చు ఊడొచ్చింది, ఒళ్లు నాలోనే అతుక్కుపోయింది. రెండో గుంత, మూడో గుంత, అన్నీ అంతే. ముక్కలు ముక్కలు, తుంపులు తుంపులు. నిలబడ్డవాళ్లు కాసేపు చూసి, గొణుక్కుంటూ రోడ్డు దాటిపోయారు. ఎదుటి నుంచి ‘కీ’ అని కూత వినిపించింది. నా జన్మలో అంత కర్ణకఠోరమైన శబ్దం వినలేదు.

సరిగ్గా అప్పుడే బస్సు దిగి సంచీతో వన్నూరమ్మ వచ్చింది. నన్ను చూసింది. సంచీ కిందపడింది.

“ఎవురే నా పెనం తోలు ఒలిచింది?”

“నేనే అత్తా. పాప నలుపు అసయ్యమనింది. మెరుస్తే తింటాదేమోనని…”

“మెరిసేటిదల్లా తింటాదనుకుంటే పళ్లెంలో అద్దం పెట్టకపోయినావా!” అని అరిచింది గాని, కోడలి మొహం చూసి ఆగిపోయింది. నాగవేణి చేత్తో ముక్కు తుడుచుకుంటూ, గరిటె అంచుతో నా గుంతలు గీకుతోంది. కన్నీళ్లు నాలో పడి చుయ్యిమంటున్నాయి. “తూకానికి ఇంగ వారమే అత్తా. దీనికి గొట్టం పెడతారు. ఇది నా చేతిది ఏదీ తినదు. ఏదీ.”

వన్నూరమ్మ కొంగు దోపింది. “ఏడుస్తా గీకితే ఇనుమూ వస్తాది. ఇటియ్యి. పిండి పిండే, పారేసేదేముంది.” దోసె పెనం పక్కపొయ్యి మీద పెట్టి, ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు వేసి, నాలోంచి గీకిన తుంపులన్నీ దాంట్లో దొర్లించింది. పుట్నాలపొడి చల్లింది. తుంపులు కరకరలాడుతూ ఎర్రబడ్డాయి. కొంచెం తీసి ఒక పళ్లెంలో ఆరడానికి అరుగు చివర పెట్టింది. తరువాత అత్తాకోడళ్లిద్దరూ నా మీద వంగారు, ఒకరు గీకుతూ, ఒకరు తిడుతూ.

ఆ పళ్లెం దగ్గర ఏం జరిగిందో చూసింది నేను ఒక్కదాన్నే. దీక్షిత వచ్చి చతికిలబడింది. ఒక మాడు అంచును వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. కారానికి ఉఫ్ అంది. ఇంకోటి తీసుకుంది. తరువాత గుప్పెడు. ఎవరూ చిదిపి పెట్టలేదు, ఊదలేదు, రైలును చూపించలేదు. నములుతూ కాళ్లు ఊపుకుంటూ కూర్చుంది.

నాగవేణి తలెత్తేసరికి పళ్లెం ఖాళీ. “దీక్షీ! యాడ పారేసినావే? కుక్కకేసినావా?”

“తినేసినా.”

“అబద్దాలు సెప్పకు. యాదీ, నోరు తెరువు.” చుబుకం పట్టుకుంది. ఆ పిల్ల పెదవులు టక్కున మూతపడ్డాయి. మళ్లీ ఆ పాత యవ్వారం.

“తినింది అక్కా, నేను ఆడ్నుంచి సూసినా,” అంది ఒక గొంతు. ప్రవల్లిక. కరివేపాకు అడగడానికి రోడ్డు దాటి వచ్చింది. “మొత్తం తినింది. బో వాసనొచ్చాంది, ఏం చేసినారు అవ్వా? దీనిమీద రవ్వంత చీజు తురిమితే…”

“తురమడాలూ గీకడాలూ ఇంగొద్దు తల్లీ, ఈపొద్దుకు చాలు,” అంది వన్నూరమ్మ.

నాగవేణి ఆమెను చూసింది. ఇన్నాళ్లూ లోపల కాగుతున్నది బయటపడింది. “నీ దగ్గర ఎట్ల తింటాది ఇది? నువ్వేం మాటలు చెప్పి తినిపిస్తావు?”

ప్రవల్లిక తెల్లబోయింది. “నేనేం తినిపిస్తానక్కా? చేతికిచ్చి నా పని నేను సూసుకుంటా. గిరాకీ ఉంటాది కదా, దాని మొహం సూస్తా నిలబడేదానికి నాకు యాడైతాది?”

నాగవేణి చెయ్యి కూతురి చుబుకం మీద నుంచి మెల్లగా జారింది.

వన్నూరమ్మ స్టూలు మీద కూలబడి అంది, “అవునే. నేను తినేటప్పుడు గూడా నువ్వు అట్లే సూస్తావు. నాకే గొంతు దిగదు, ఇంగ సంటిదానికేం దిగుతాది.”

నేను ఆ ఎర్రమిషను వైపు చూశాను. రంగు గురించీ దీపం గురించీ ఎంత కుళ్లుకున్నాను! దానికి తెలిసిన మంత్రం ఏమీ లేదు. అయినా మనసు ఒప్పుకోలేదు. ఊరికే మెరిసినందుకు అంత పేరు కొట్టేసిందే అని, ఇంకోరకంగా మండింది.

వన్నూరమ్మ నన్ను మళ్లీ మొదటినుంచి మచ్చిక చేసుకోవడం మొదలుపెట్టింది. కడుగునీళ్లు, ఆముదం, ఎండ, మంట. నలుపు ఒక్కరోజులో రాదు. ముందు గోధుమరంగు, తరువాత తేనెరంగు. పొంగణాలు ఒకటి ఊడొస్తే ఒకటి చిరిగేది.

తూకానికి ముందురోజు సాయంత్రం నాగవేణి ఒక పళ్లెంలో రెండు మంచివి, రెండు చిరిగినవి వేసి దీక్షిత ముందు పెట్టింది. చిదపలేదు. ఊదబోయి ఆగింది. కూతురికి వీపు పెట్టి పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. తిరిగి కూర్చుంది గాని, ఆ కళ్లకు ఎక్కడో ఒకచోట ఆనుకోవాలి కదా. వచ్చి నా మీద ఆనుకున్నాయి.

నన్ను అంత దగ్గరగా, అంత రెప్ప వాల్చకుండా ఎవరూ ఎన్నడూ చూడలేదు. మిషను చుట్టూ మూగే చూపులను చూసి ఇన్నాళ్లూ ఏడ్చానా, ఇప్పుడు ఒక్క చూపు, పూర్తిగా, నాదే. ఉడికిందా? పొంగిందా? అంటిందా? ఒక్కో గుంతనూ వేలు పెట్టి అడుగుతున్నట్టుంది. నాలో పిండి బిగుసుకుపోయింది. పొంగాలో మానాలో నాకే తెలియలేదు. ఈ చూపు కింద ఆ పసిగొంతు ఇన్నాళ్లూ ఒక్క మెతుకైనా ఎట్లా దింపిందో, తల్లీ!

వెనక నుంచి కర్రుమని చిన్న శబ్దం వచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది.

నాగవేణి భుజాలు కదిలాయి. మెడ సగం తిరిగింది. పుల్ల పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. మెడ మళ్లీ నా వైపే వచ్చింది.

“మా,” అంది దీక్షిత, నోటి నిండా ముద్దతో. “ఇంగోటి.”

నాగవేణి వెనక్కి చూడకుండానే చెయ్యి చాచి, పళ్లెం అందుకుంది.